అపార్ట్‌మెంట్ గదిలో వాయిస్ ఓవర్: సౌండ్ బాక్స్ ఇంట్లోనే కట్టుకోవడం ఎలా?

"వాయిస్ బాగుంది, కానీ రూమ్ వస్తోంది. మళ్లీ పంపండి."

ఇంట్లో రికార్డ్ చేసి పంపే కొత్త వాయిస్ ఆర్టిస్టులందరికీ ఎడిటర్ల నుంచి వచ్చే మొదటి మెసేజ్ దాదాపు ఇదే. 'రూమ్' అంటే గది గోడలకు తగిలి తిరిగొచ్చే మోత. కృష్ణానగర్‌లోనో ఫిల్మ్‌నగర్‌లోనో గంట లెక్కన స్టూడియో తీసుకుంటే ఈ గొడవ ఉండదు. కానీ రెండు నిమిషాల యూట్యూబ్ స్క్రిప్టుకూ, ఐవీఆర్ (ఫోన్‌లో 'ఒకటి నొక్కండి' అని చెప్పే) మెసేజ్‌కూ, ఈ-లెర్నింగ్ పాఠానికీ స్టూడియో అద్దె కడుతూ పోతే చేతికి మిగిలేదేమీ ఉండదు. మైక్ మారిస్తే రూమ్ పోతుందనుకుని చాలామంది ఇంకా ఖరీదైన మైక్ కొంటారు. సన్నటి చప్పుళ్లను కూడా పట్టే మంచి కండెన్సర్ మైక్ వస్తే ఆ గది ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది, అంతే.

తప్పంతా మన ఫ్లాట్లది. కింద విట్రిఫైడ్ టైల్స్, నాలుగు వైపులా నున్నగా పుట్టీ పెట్టిన గోడలు, పైన పీవోపీ సీలింగు, ఒక పక్క స్లైడింగ్ అద్దాలు. గొంతును పీల్చుకునే వస్తువు ఒక్కటీ ఉండదు. గది మధ్యలో నిలబడి ఒక్క చప్పట్లు కొట్టి చూడండి. చప్పుడు ఆగాక కూడా "ట్రింగ్" మని సన్నగా మోగిందా? మీ రికార్డింగులో వచ్చేది అదే. దాన్ని తగ్గించడానికి మైకును లోపల పెట్టే, ముందు వైపు తెరిచి ఉండే, మెత్తటి సరుకు నింపిన పెట్టె ఒకటి కట్టుకుందాం.

పెట్టె ఏం చేస్తుంది, ఏం చేయదు

బయటి శబ్దం లోపలికి రాకుండా ఆపడం వేరు, మీ గొంతే గోడలకు తగిలి మైకులోకి తిరిగి రాకుండా చూడడం వేరు. మొదటిదానికి బరువు కావాలి, గాలి కూడా దూరనంతగా సందులు మూసేయాలి. అంటే ఇటుక గోడ, రెండు పొరల అద్దం, బరువైన తలుపు. ఒక వైపు తెరిచి ఉన్న ఏ పెట్టె అయినా ఆటో హారన్‌నీ, పక్కింటి కుక్కర్ విజిల్‌నీ ఆపలేదు. ఆపుతుందని ఎవరైనా అమ్మజూపితే కొనకండి. మనం చేయబోయే పెట్టె రెండో పనికి పనికొస్తుంది, ఆ పని మాత్రం బాగా చేస్తుంది.

దీనికి తోడు ఇంకో సంగతి ఉంది. చాలా వీడియోల్లో దీన్ని చెప్పకుండా వదిలేస్తారు. వాయిస్ ఓవర్‌కు వాడేవి ఎక్కువగా కార్డియాయిడ్ మైకులు. అవి ముందు నుంచి వచ్చేదాన్ని బాగా తీసుకుంటాయి, వెనక నుంచి వచ్చేదాన్ని చాలావరకు వదిలేస్తాయి. ఆడియో టెక్నికా ఏటీ 2020 ఆ రకమే. బ్లూ యెటీ లాంటి వాటిలో ఆ మోడ్‌ను స్విచ్‌తో ఎంచుకోవాలి. ఇప్పుడు మైక్ మీ ముందుంది, పెట్టె మైక్ వెనక ఉంది అనుకోండి. పెట్టె ఉన్నది మైకుకు సరిగా వినపడని వైపు. మైకుకు బాగా వినపడే వైపు మీరూ, మీ వీపు వెనక ఉన్న ఖాళీ గోడా ఉన్నారు. ఆ గోడ మీంచి తిరిగొచ్చే గొంతు మీ భుజాల పక్కనుంచి నేరుగా మైకులో పడుతుంది.

అందుకే నా లెక్కలో పెట్టె సగం పని, మీ వెనక వేలాడదీసే రజాయి మిగతా సగం. రెండింట్లో ఒక్కటే చేయగలిగే వీలుంటే రజాయినే ముందు పెట్టండి.

లోపల ఏం నింపాలి

గట్టి వస్తువులు శబ్దాన్ని వెనక్కి కొడతాయి. గాలి దూరే మెత్తటి వస్తువుల్లో మాత్రం శబ్దం లోపలికి వెళ్లి, పోగుల మధ్య రాపిడికి వేడిగా మారి చచ్చిపోతుంది. కాబట్టి ఏ పదార్థమైనా పరీక్ష ఒక్కటే: నోటికి ఆనించి ఊదండి. కొంచెం ఎదురొత్తుతూ గాలి అవతలికి వెళితే పనికొస్తుంది, అసలు వెళ్లకపోతే పనికిరాదు. థర్మకోల్ ఈ పరీక్షలో పోతుంది. టీవీ డబ్బాల్లో వచ్చే తెల్లటి ప్యాకింగ్ ఫోమ్ కూడా అంతే. కోడిగుడ్ల ట్రేల సంగతి అయితే చెప్పక్కర్లేదు. ఆకారం చూసి మోసపోవడమే తప్ప, ఆ పల్చటి అట్ట గొంతునేమీ పీల్చదు.

తరువాతి ప్రశ్న మందం. ఇక్కడ కాస్త లెక్క ఉంది, ఓపిక పట్టండి. గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు వెళుతుంది. అంటే 1000 హెర్ట్జ్ (సెకనుకు 1000 కంపనాల) శబ్ద తరంగం పొడవు 34 సెంటీమీటర్లు, 100 హెర్ట్జ్‌ది 3.4 మీటర్లు. పీల్చే పదార్థం మందం తరంగంలో పావు వంతు ఉంటే చక్కగా పనిచేస్తుంది. అంతకన్నా పల్చగా ఉన్న కొద్దీ పట్టు తగ్గుతుంది. ఈ లెక్కన ఒక అంగుళం ఫోమ్ గట్టిగా పట్టుకునేది 3400 హెర్ట్జ్ నుంచి పైనే. రెండు అంగుళాలైతే 1700 నుంచి, నాలుగైతే 850 నుంచి. మగవాళ్ల గొంతు మూల స్వరం సుమారు 85 నుంచి 180 హెర్ట్జ్, ఆడవాళ్లది 165 నుంచి 255 హెర్ట్జ్ మధ్య ఉంటుంది.

ఆన్‌లైన్‌లో దొరికే ఒక అంగుళం పిరమిడ్ ఫోమ్ అంటించిన పెట్టెలో గొంతు ఎందుకు చెడిపోతుందో దీన్ని బట్టి అర్థమవుతుంది. ఆ ఫోమ్ పైస్థాయి మెరుపును తినేస్తుంది, కింది గుయ్యిమనేదాన్ని మాత్రం అలాగే వదిలేస్తుంది. ఫలితం డబ్బా సౌండ్. ఫోమ్ లేని గదికన్నా ఇది అధ్వానం.

నా మొదటి ఎంపిక రాక్‌వూల్. రాతి పోగులతో చేసిన పలకలు ఇవి. 48 డెన్సిటీ (ఘనపు మీటరుకు 48 కిలోలు), రెండు అంగుళాల మందం. ఫ్యాక్టరీల్లో, ఏసీ డక్టుల్లో ఇన్సులేషన్‌కు వాడే సరుకే ఇది. సికింద్రాబాద్ రాణిగంజ్ వైపు ఇన్సులేషన్ సామాన్లు అమ్మే షాపుల్లో అడగండి. బండిల్ మొత్తం కొనమంటే ఇంకొకరితో పంచుకోండి. రెండో ఎంపిక పరుపుల షాపులో కోసి ఇచ్చే పీయూ (పాలీయూరిథేన్) ఫోమ్. మెత్తగా ఉంటే చాలనుకోకుండా ఊది చూసి కొనండి. ఇవేవీ కుదరకపోతే పాత దూది పరుపు బంగారం. అటక మీద అమ్మమ్మల కాలం నాటి పరుపు ఉంటే దాన్ని పారేయకండి, ఏకించి ముక్కలుగా కుట్టించుకోండి.

ఫోమ్ వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. పీయూ ఫోమ్ చాలా వేగంగా అంటుకుంటుంది, దాని పొగ విషం. పెట్టె లోపల ఫిలమెంట్ బల్బు, అగరుబత్తి, సిగరెట్ ఏదీ వద్దు. వెలుతురుకు చిన్న ఎల్ఈడీ క్లిప్ లైట్ చాలు.

కొలతలు, కోత

చిన్న పెట్టె ముచ్చటగా ఉంటుంది కానీ గొంతును నాశనం చేస్తుంది. ఎదురెదురు గోడల మధ్య దూరం ఎంత తక్కువైతే అంత పై ఫ్రీక్వెన్సీ దగ్గర మోత పుడుతుంది. 12 అంగుళాల పెట్టెలో అది 560 హెర్ట్జ్ దగ్గర పడుతుంది, సరిగ్గా అచ్చులు పలికే చోట. అందుకని కాస్త పెద్దదే కడదాం. వెడల్పు, ఎత్తు సమానం కాకుండా చూద్దాం, సమానమైతే రెండు మోతలూ ఒకే చోట కలుస్తాయి.

12 ఎంఎం ప్లైవుడ్ ఎనిమిది అడుగులు, నాలుగు అడుగుల షీటు ఒకటి తీసుకోండి. షాపులోనే కటింగ్ మెషీన్ ఉంటే అక్కడే కోయించండి. కోయాల్సినవి ఇవి:

- పైకి, కిందికి: 24 × 20 అంగుళాలు, రెండు
- పక్కలకు: 26 × 20 అంగుళాలు, రెండు
- వెనక్కి: 24 × 27 అంగుళాలు, ఒకటి

షీటు ఇంకా చాలా మిగులుతుంది, స్టూలో షెల్ఫో చేయించుకోవచ్చు. రంపం ప్రతి కోతకూ మూడు ఎంఎం దాకా తింటుంది కాబట్టి 24 అంగుళాలు అన్నచోట ఓ పిసరు తగ్గినా కంగారు వద్దు. కానీ జత ముక్కలు రెండూ ఒకే కొలతలో రావాలని మేస్త్రీకి గట్టిగా చెప్పండి. లేకపోతే పెట్టె వంకర పోతుంది, బిగించేటప్పుడు మీకు టెన్షన్.

ప్లైవుడ్ పని కేవలం ఆకారం నిలబెట్టడమే. ఖర్చు వద్దనుకుంటే వాషింగ్ మెషీన్ వచ్చిన అట్టపెట్టెతోనూ ఇదే పని అవుతుంది. బరువుకు కుంగకుండా మూలల్లో కర్ర బద్దలు పెట్టాలి, అంతే. వినికిడిలో పెద్ద తేడా రాదు. మన్నికలో వస్తుంది.

బిగింపు

హైదరాబాద్‌లో అద్దె ఇంట్లో ఉంటే ఫెవికాల్ వేయకండి. ఇల్లు మారినప్పుడు పెట్టె లిఫ్టులో పట్టదు. మూల మూలకూ ఎల్-బ్రాకెట్లు పెట్టి అర అంగుళం స్క్రూలతో బిగిస్తే, కావాలన్నప్పుడు విప్పి ఐదు పలకలుగా పేర్చుకోవచ్చు. బ్రాకెట్లు లోపలి వైపే ఉండనివ్వండి, తరువాత రాక్‌వూల్ కింద దాగిపోతాయి.

క్రమం ఇలా: అడుగు పలక నేల మీద పెట్టి, దాని మీద పక్క పలకలు నిలబెట్టి బిగించండి. పైన పలక వేయండి. చివర్లో వెనక పలక. దాన్ని బిగించే ముందు కింది మూలలో ఒక అంగుళం రంధ్రం వేయించుకోవాలి. మైకు కేబుల్ (ఎక్స్ఎల్ఆర్) ప్లగ్గు దూరడానికి అంత కావాలి. కలిసే అంచుల మధ్య సన్నటి ఫోమ్ టేపు అంటిస్తే చెక్క చెక్కకు కొట్టుకోదు. కింద నాలుగు రబ్బరు బుష్షులు తగిలించండి.

ఇప్పుడు పిడికిలితో ప్రతి పలకనూ తట్టండి. "ధప్" మనాలి. "టంగ్" మని మోగితే ఆ పలక ఇంకో స్క్రూ అడుగుతున్నట్టు.

రాక్‌వూల్ పని మొదలుపెట్టే ముందు ఎన్95 మాస్కు, గ్లౌజులు, పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. పోగులు చర్మానికి గుచ్చుకుంటే రాత్రంతా దురదే. బాల్కనీలో కోయండి, బెడ్‌రూమ్‌లో వద్దు. ఒక మీటరు పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న స్లాబులు దొరికితే నాలుగు సరిపోతాయి. వెనక గోడకు 23 × 26 అంగుళాల ముక్కలు రెండు, ఒకదాని మీద ఒకటి, మొత్తం నాలుగు అంగుళాల మందం. మీ గొంతు సూటిగా వెళ్లి తగిలే గోడ అదే, అక్కడ పిసినారితనం పనికిరాదు. పైకీ కిందికీ 23 × 16 రెండు. పక్కలకు 22 × 16 రెండు.

ప్రతి ముక్కకూ గుడ్డ కవరు వేయాలి, లేకపోతే పోగులు ఊపిరితిత్తుల్లోకీ మైకులోకీ పోతాయి. గుడ్డకూ ఊదే పరీక్షే: పల్చటి కాటన్ మంచిది, రెక్సిన్ వద్దు, పాలిథిన్ కవరు అసలే వద్దు. సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో తానుల లెక్కన దొరుకుతుంది, ఇంట్లో పాత నేత పంచె ఉన్నా సరే. దగ్గర్లోని టైలర్‌తో దిండు గలీబుల్లా కుట్టించి, నోరు దగ్గర వెల్‌క్రో పెట్టించండి. నల్ల గుడ్డ చూడ్డానికి స్టూడియోలా ఉంటుంది. లేత రంగైతే లోపల వెలుతురు బాగుండి స్క్రిప్టు చదవడానికి కళ్లు నొప్పి పుట్టవు. నాకు రెండోదే నచ్చుతుంది.

అమర్చడానికి జిగురు అక్కర్లేదు. మొదట వెనక ముక్కలు, తరువాత కింద, ఆ తరువాత పైన పెట్టి చేత్తో పట్టుకుని, పక్క ముక్కలను నిలువుగా నెట్టండి. ఆ రెండూ పై ముక్కను మోస్తాయి. వదులుగా అనిపిస్తే గలీబు లోపల ఓ పాత తువ్వాలు మడిచి పెడితే బిగుస్తుంది.

మొత్తం బరువు 15 కిలోలు దాటుతుంది. ఫోల్డింగ్ టేబుల్ మీద పెట్టకండి.

గదిలో ఎక్కడ పెట్టాలి

గది నట్టనడుమ వద్దు, ఖాళీ మూల కూడా వద్దు. బట్టలతో నిండిన అల్మారా ఉంటే దాని తలుపులు బార్లా తెరిచి, వీపు అటు పెట్టి నిలబడండి. చీరలు, స్వెట్టర్లు ఉచితంగా పనిచేస్తాయి. అల్మారా కుదరకపోతే బట్టలు ఆరేసే స్టాండు మీద రజాయి రెండు మడతలు వేసి, మీ వీపుకు అడుగున్నర దూరంలో నిలబెట్టండి. గోడకు ఆనించకుండా జానెడు ఖాళీ వదలండి. ఆ గాలి సందు వల్ల అదే రజాయి ఇంకాస్త కింది ఫ్రీక్వెన్సీలను కూడా పట్టుకుంటుంది. నేల మీద బొంతో, చాపతో పాటు మందపాటి దుప్పటో పరవండి.

మైకును పెట్టె లోతుల్లోకి తోసేయడం అందరూ చేసే పని. అలా చేస్తే మన 23 అంగుళాల వెడల్పులో 290 హెర్ట్జ్ దగ్గర, 26 అంగుళాల ఎత్తులో 260 హెర్ట్జ్ దగ్గర పుట్టే మోత మొత్తం మైకు మీద పడుతుంది. పెట్టె అంచు నుంచి మూడు నాలుగు అంగుళాలు లోపల ఉంటే చాలు. మీ నోరు మైకుకు ఆరు నుంచి ఎనిమిది అంగుళాల దూరంలో, తల పెట్టె బయటే ఉండాలి. మైకును పెట్టెకు బిగించకండి. విడిగా స్టాండు మీదో బూమ్ ఆర్మ్ (వంచుకోగల మైకు చెయ్యి) మీదో, అదురును మైకుదాకా రానివ్వని షాక్ మౌంట్‌తో పెట్టండి, లేకపోతే టేబుల్ మీద చెయ్యి పడ్డ ప్రతిసారీ "ధన్" మంటుంది. స్టాండు, కేబుల్, పాప్ ఫిల్టర్ (నోటి గాలి మైకును కొట్టకుండా అడ్డుపెట్టే పల్చటి తెర) లాంటివి కోఠీ గుజరాతీ గల్లీలో ఒక్క చుట్టు తిరిగితే దొరుకుతాయి.

తెలుగుకు పాప్ ఫిల్టర్ తప్పనిసరి. మన ఒత్తు అక్షరాలు మైకు మీద గాలిని కొడతాయి: "భారీ ఫలితం", "పప్పు దప్పళం" అని చదివి చూడండి. ఫిల్టర్ పెట్టినా ఆగకపోతే మైకును నోటికి కాస్త పక్కకు జరిపి, దాని ముందు వైపు మీ నోటి వైపే తిరిగి ఉండేలా తిప్పండి. "శనివారం సాయంత్రం సంతకు" లాంటి వాక్యంలో బుసలు ఎక్కువైనా ఇదే మందు.

స్క్రిప్టు కాగితం మీద ఉంటే పేజీ తిప్పే చప్పుడు వస్తుంది, ట్యాబ్ వాడండి. ట్యాబ్ అద్దం కూడా గొంతును తిప్పికొట్టేదే కాబట్టి మైకు వెనక, కాస్త పైన, కొద్దిగా వాలుగా ఆనించండి. మరీ కింద పెడితే తల వంచి చదువుతారు, గొంతు నొక్కుకుపోతుంది.

పరీక్ష

పెట్టె లేకుండా, పెట్టెతో, పెట్టెతో పాటు రజాయి పెట్టి, మూడు సార్లు ఒకే పేరా చదవండి. గెయిన్ (మైకు సౌండ్ స్థాయి), దూరం మార్చకూడదు. రికార్డింగ్ సెట్టింగులు: 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనో. గట్టిగా పలికిన చోట మీటర్ మైనస్ 12 నుంచి మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఆడాలి. తరువాత హెడ్‌ఫోన్ పెట్టుకుని వాక్యాల చివరలు మాత్రం వినండి. "...వచ్చాడు" అన్నాక "డు" వెంటనే తెగిపోతోందా, తోక సాగుతోందా? రూమ్ దాక్కునేది అక్కడే.

గొంతు ఇంకా డబ్బాలోంచి వస్తున్నట్టుంటే మైకును బయటికి లాగండి. అదీ చాలకపోతే ఈక్యూలో (ఒక్కో ఫ్రీక్వెన్సీని విడిగా పెంచే, తగ్గించే ఈక్వలైజర్‌లో) 250, 300 హెర్ట్జ్ మధ్య రెండు మూడు డెసిబెల్స్ తగ్గించండి. అంతకన్నా తగ్గించాల్సి వస్తోందంటే లోపం ఈక్యూలో లేదు, మందంలో ఉంది.

చివరగా, ఏమీ మాట్లాడకుండా 30 సెకన్లు రికార్డ్ చేయండి. ఆడాసిటీ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ ముక్క సెలెక్ట్ చేసి ఆర్ఎంఎస్ (సగటు శబ్ద స్థాయి) చూడండి. ఆడియో బుక్స్ తీసుకునే ఏసీఎక్స్ వాళ్లు నాయిస్ ఫ్లోర్ (మాట లేనప్పుడు మిగిలే చప్పుడు) మైనస్ 60 డెసిబెల్స్ కంటే తక్కువ ఉండాలంటారు, పూర్తయిన ఫైలు సగటు మైనస్ 23, మైనస్ 18 మధ్య, పీక్ మైనస్ 3 దాటకుండా ఉండాలంటారు. మీరు వాళ్లకు పంపకపోయినా ఈ కొలత పెట్టుకోవడం మంచిది. సన్నగా 50 హెర్ట్జ్ గుయ్యి వినిపిస్తే అది కరెంటుది: ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసేసి చూడండి, ఇన్వర్టర్ పక్కనుంచి కేబుల్ తప్పించండి. 80 హెర్ట్జ్ హైపాస్ ఫిల్టర్ (అంతకన్నా కింది శబ్దాలను కోసేది) మిగతాది చూసుకుంటుంది.

ఊరి చప్పుళ్లు

బయటి శబ్దానికి మన దగ్గరున్న మందు గడియారమే. ఒక వారం పాటు మీ ఫ్లాట్ చప్పుళ్లు గమనించి రాసుకోండి: వాటర్ ట్యాంకర్ ఎప్పుడొస్తుంది, బోరు మోటారు ఎప్పుడు వేస్తారు, స్కూల్ బస్సులు, గుడి మైకు, అజాన్, పై ఫ్లోర్‌లో మిక్సీ. చాలా కాలనీల్లో ఆఫీసులకు వెళ్లాక పదకొండు నుంచి ఒంటిగంట దాకా, రాత్రి పదకొండు తరువాత కాస్త ప్రశాంతం. తెల్లవారుజాము బాగుంటుందనుకుంటారు కానీ బాల్కనీ పావురాలు ఒప్పుకోవు. బోనాలు, వినాయక నవరాత్రులు వచ్చే రోజుల్లో డెలివరీ తేదీ ఒప్పుకునే ముందు క్యాలెండర్ చూడండి. నిమజ్జనం రోజున పెట్టె కాదు కదా, స్టూడియో తలుపు కూడా వణుకుతుంది.

ఫ్యాన్, ఏసీ రెండూ ఆపాల్సిందే. మే నెలలో ఇది నరకం. గదిని ముందే చల్లబరిచి, ఇరవై నిమిషాలు చదివి, ఆపి మళ్లీ ఏసీ వేసుకోవడం తప్ప వేరే దారి లేదు. తల బయట ఉండే పెట్టెకు ఇదొక లాభం, నాలుగు వైపులా మూసిన బూత్ అయితే పది నిమిషాలు కూడా నిలబడలేరు.

వర్షాకాలంలో రాక్‌వూల్ గలీబులకు తేమ పడుతుంది. నెలకోసారి ఎండ వచ్చిన రోజు గలీబులు విప్పి ఉతికి, లోపలి ముక్కలను మాస్కు పెట్టుకుని బాల్కనీలో కాసేపు నిలబెట్టండి. దూది వాడినవాళ్లు ఇంకా తరచుగా ఎండబెట్టాలి, లేకపోతే ముక్క వాసన వచ్చి పెట్టె ముందు నిలబడలేరు. మైకును మాత్రం పెట్టెలో వదిలేయకండి. పని అయ్యాక తీసి, సిలికా జెల్ పొట్లం వేసిన డబ్బాలో పెట్టండి.